1951 శాన్‌ఫ్రాన్సిస్కో 'డాన్స్' ఫుట్‌బాల్: తొమ్మిదికి తొమ్మిది గెలిచినా పిలుపు రాని జట్టు

కొండగాలి | శుక్రవారం, రాత్రి 9:10

సాయంత్రం ఆఫీసు అయ్యాక గోల్డెన్ గేట్ పార్కు ఆగ్నేయ మూలన ఉన్న కేజార్ స్టేడియంలో నాలుగు చుట్లు నడవడం నాకు అలవాటు. సముద్రం వైపు నుంచి పొగమంచు పాకుతూ వస్తుంది. పచ్చిక మీద సముద్రపు కాకులు గుంపుగా వాలి ఉంటాయి, ఎవరైనా దగ్గరకు పరిగెత్తితే నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ కూర్చుంటాయి. ఆ మైదానానికి బాబ్ సెయింట్ క్లెయిర్ పేరు పెట్టారు. ఆ పేరు చదువుతూనే రెండేళ్ళు నడిచాను, ఆయన ఎవరని ఒక్కసారీ అడగలేదు. పోయిన నెల మా అబ్బాయి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి వెతకడం మొదలుపెట్టాను, అప్పటి నుంచి ఆ జట్టు నన్ను వదలడం లేదు.

సెయింట్ క్లెయిర్ ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. హైస్కూలు జట్టుకు, కాలేజీ జట్టుకు, తర్వాత వృత్తి జట్టు ఫార్టీ నైనర్స్‌కు, మూడింటికీ ఇదే కేజార్‌లో ఆడారు. ఆయన కాలేజీ పక్కనే కొండ మీద ఉన్న యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. జెస్యూట్ అనే క్యాథలిక్ గురువులు నడిపే చిన్న విద్యాసంస్థ. జట్టు పేరు డాన్స్. 1951లో వాళ్ళు తొమ్మిది ఆటలు ఆడి తొమ్మిదీ గెలిచారు. సీజన్ చివర పెద్ద పోటీలకు ఎవరూ పిలవలేదు. ఆ జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు: ఆలీ మ్యాట్సన్, బర్ల్ టోలర్. ఆ ఇద్దరినీ ఇంట్లో వదిలి వస్తే పిలుస్తామన్నారు. జట్టు ఒప్పుకోలేదు. ఆ సీజన్‌తోనే కాలేజీ ఫుట్‌బాల్ జట్టును ఎత్తేసింది.

మన వాళ్ళలో దీని గురించి తెలిసినవారు ఉన్నారా? ఉంటే మాట్లాడుకుందాం.

విశాఖ_తీరం | శుక్రవారం, రాత్రి 9:48

కొండగాలి గారూ, ముందు ఒక సందేహం తీర్చండి. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు కదా? నేను విశాఖలో కాలేజీ రోజుల్లో మిడ్‌ఫీల్డ్ ఆడినవాణ్ణి. అమెరికా వాళ్ళ ఆట చూస్తే ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు మొదలవుతుందో అర్థం కాదు. పిలుపు అంటున్నారు, గెలిచినవాళ్ళు తర్వాతి దశకు వెళ్ళరా? పిలవడం ఏమిటి?

కొండగాలి | శుక్రవారం, రాత్రి 10:15

మంచి ప్రశ్న అడిగారు. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఆట. మైదానం 100 గజాలు. అవతలి గీత దాటితే టచ్‌డౌన్. పదకొండు మంది ఇటు, పదకొండు మంది అటు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. మన కబడ్డీలో గీత దాటడానికి పడే పెనుగులాట గుర్తుంది కదా, దాన్ని ఇరవై రెండు మంది బరువైన తొడుగులు వేసుకుని చేస్తున్నట్టు ఊహించండి.

ఇక పిలుపు సంగతి. కాలేజీ ఆటలో అప్పట్లో లీగు, సెమీఫైనల్, ఫైనల్ అనే క్రమం లేదు. సీజన్ నవంబరు చివరికి అయిపోయేది. జనవరి 1న కొన్ని ఊళ్ళలో 'బౌల్' అనే ప్రత్యేక ఆటలు జరిగేవి: మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, డాలస్‌లో కాటన్ బౌల్. ఎవరిని పిలవాలో ఆ ఊరి పెద్దల కమిటీలు తేల్చేవి. పిలుపు వస్తే పేరు, డబ్బు రెండూ వచ్చేవి. ఆ ఊళ్ళు ఎక్కడున్నాయో చూడండి, అన్నీ దక్షిణాదివే. ఆ రోజుల్లో అక్కడ నల్లవారికి బస్సులో వేరే సీటు, బడి వేరు, తాగే నీళ్ళ కుళాయి కూడా వేరు.

లెక్కల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:52

ఈ కథ నాకూ తెలుసు. మనసు కదిలించే కథే. కానీ ఒక్క మాట అడగాలి. ఆ జట్టు ఎవరెవరితో ఆడింది? శాన్ హోసే స్టేట్, ఐడహో, నౌకాదళ శిక్షణ కేంద్రం జట్టు, మెరైన్ల క్యాంపు జట్టు. పెద్ద పేరున్న జట్టు ఒక్కటీ లేదు. దేశవ్యాప్త ర్యాంకుల్లో చివరికి 14వ స్థానం దక్కింది. కమిటీలు కూడా అప్పట్లో ప్రత్యర్థులు బలహీనమన్నాయి. జాతి వివక్ష లేదని నేను అనడం లేదు. మొత్తం కారణం అదొక్కటే అని చెప్పడానికి ఆధారం సరిపోతుందా?

కొండగాలి | శుక్రవారం, రాత్రి 11:30

మాస్టారూ, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేనూ వారం రోజులు దీని దగ్గరే ఆగిపోయాను. నా అనుమానం తీర్చింది ఒక్క ఆట.

1951 నవంబరు 17. స్టాక్టన్ ఊళ్ళో కాలేజ్ ఆఫ్ పసిఫిక్‌తో ఆట. ఆ రెండు జట్లలో ఎవరు గెలిస్తే వాళ్ళకు పిలుపు వస్తుందని అందరూ అనుకుంటున్న రోజు. డాన్స్ 47-14తో గెలిచారు. దగ్గరి పోటీ కూడా కాదది. ఆ తర్వాత ఏమైందో చూడండి. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో జరిగే సన్ బౌల్‌కు ఓడిన కాలేజ్ ఆఫ్ పసిఫిక్‌ను పిలిచారు. 1952 జనవరి 1న వాళ్ళు అక్కడ టెక్సాస్ టెక్‌తో ఆడి 25-14తో ఓడిపోయారు. 47-14తో ఓడిన జట్టుకు పిలుపు, ఓడించిన జట్టుకు లేదు. అదే రోజు మయామీ ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ ఆడుకున్నాయి. ప్రత్యర్థుల బలం ఒక్కటే లెక్క అయితే ఇది పొసగదు.

లెక్కల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 11:41

పసిఫిక్‌ను పిలిచిన సంగతి నాకు తెలియదు. ఇది బలమైన మాట. నా అభ్యంతరం చాలా వరకు వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒకటి జోడించాలి. దక్షిణాది అంతా ఒకే తీరు కాదు. 1948 జనవరి 1న డాలస్ కాటన్ బౌల్‌లో పెన్ స్టేట్ జట్టు ఆడింది. వాళ్ళలో వాలెస్ ట్రిప్లెట్, డెనిస్ హోగార్డ్ అనే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. సదరన్ మెథడిస్ట్ జట్టు వాళ్ళతో ఆడటానికి ఒప్పుకుంది, ఆట 13-13తో సమమైంది. సమం చేసిన టచ్‌డౌన్ ట్రిప్లెట్‌దే. అంటే 1951కి మూడేళ్ళు ముందే ఆ తలుపు ఒకసారి తెరిచారు.

కొండగాలి | శుక్రవారం, రాత్రి 11:55

అవును. అందుకే నాకు ఇంకా కోపం వస్తుంది మాస్టారూ. తెరవవచ్చని తెలిసీ మూసి ఉంచారు.

మొదటి_బెంచీ | శనివారం, ఉదయం 7:20

నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. రాత్రంతా ఈ చర్చ చదివాను. మ్యాట్సన్ ఎంత గొప్ప ఆటగాడో ఎవరైనా చెప్పండి. జట్టులో అంత ముఖ్యమైనవాడా?

కొండగాలి | శనివారం, ఉదయం 8:05

ఆ ఏడాది దేశం మొత్తంలో బంతి పట్టుకుని ఎక్కువ గజాలు పరిగెత్తినవాడు ఆయనే. 1,566 గజాలు, 21 టచ్‌డౌన్లు. అక్టోబరు 20న జట్టు న్యూయార్క్ వెళ్ళింది, ఫోర్డ్‌హామ్‌తో ఆట. పడమటి తీరపు చిన్న కాలేజీని తూర్పు పత్రికలవాళ్ళు కళ్ళారా చూసే అవకాశం అదొక్కటే. కిక్కాఫ్ అంటే ఒక జట్టు బంతిని దూరంగా తన్నడం, రెండో జట్టు దాన్ని పట్టుకుని ఎదురు పరిగెత్తడం. సాధారణంగా పాతిక గజాలు పోయేసరికి పడగొట్టేస్తారు. మ్యాట్సన్ ఆ రోజు ఒక కిక్కాఫ్‌ను 94 గజాలు, ఇంకోదాన్ని 90 గజాలు తీసుకెళ్ళి రెండుసార్లూ అవతలి గీత దాటారు. పదకొండు మంది ఎదురొస్తుంటే మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒకే మధ్యాహ్నం రెండుసార్లు. ఆట 32-26. ఆ సీజన్ మొత్తంలో వాళ్ళను వణికించిన ఆట ఇదే. ఆ రెండు పరుగులు లేకపోతే తొమ్మిదికి తొమ్మిది ఉండేది కాదు.

గోల్కొండ_గాలిపటం | శనివారం, ఉదయం 9:30

1951 అక్టోబరు 20! ఈ తేదీ చూడగానే ఉలిక్కిపడ్డాను. అదే రోజు ఓక్లహామా రాష్ట్రం స్టిల్‌వాటర్‌లో డ్రేక్ యూనివర్సిటీ నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్ దవడ విరగ్గొట్టారు. ఆయన చేతిలో బంతి లేదు. ఆటకు దూరంగా నిలబడి ఉండగా ప్రత్యర్థి జట్టువాడు ముఖం మీద కొట్టాడు, ఒకసారి కాదు. డీమాయిన్ రిజిస్టర్ పత్రిక ఫోటోగ్రాఫర్లు ఇద్దరు ఆ దెబ్బలను వరుసగా ఫోటోలు తీశారు, ఆ ఫోటోలకు 1952లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మ్యాట్సన్ న్యూయార్క్‌లో పరిగెడుతున్న రోజే, స్టిల్‌వాటర్‌లో ఇంకో నల్ల కుర్రాడు దవడ పట్టుకుని మైదానం వదిలాడు. మ్యాట్సన్, టోలర్‌లను వదిలి రమ్మని అడగడం ఎలాంటి వాతావరణంలో జరిగిందో ఈ ఒక్క రోజు చెబుతుంది.

ఇంకో మాట, మన హైదరాబాదుతో చిన్న ముడి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మ్యాట్సన్ పరుగు పందాల్లో రెండు పతకాలు గెలిచారు, 400 మీటర్లలో కాంస్యం, 4×400 రిలేలో రజతం. అదే హెల్సింకికి మన ఫుట్‌బాల్ జట్టును తీసుకెళ్ళిన కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మా నాన్నగారు ఆ జట్టు పేరెత్తితే చాలు, కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. కొండగాలి గారు రాసింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

పాఠశాల_గంట | శనివారం, మధ్యాహ్నం 2:15

నేను జిల్లా పరిషత్ హైస్కూలులో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఆట నాకు తెలియదు. అందరూ మ్యాట్సన్ గురించి రాస్తున్నారు, నాకు బర్ల్ టోలర్ సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆయన ఏమయ్యారు?

కొండగాలి | శనివారం, మధ్యాహ్నం 3:40

మేడం, మీరే ఈ ప్రశ్న అడగడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మొదట నేనూ మ్యాట్సన్ దగ్గరే ఆగాను.

టోలర్‌ది మెంఫిస్. ఇక్కడ సిటీ కాలేజీలో చదువుతున్నప్పుడు మ్యాట్సన్‌తో కలిసి ఆడారు, ఇద్దరూ అక్కడి నుంచి కొండ మీద కాలేజీకి వచ్చారు. లైన్‌బ్యాకర్, అంటే అవతలివాళ్ళు చీల్చుకుని వస్తే రెండో వరుసలో నిలబడి పడగొట్టేవాడు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే వృత్తి జట్టు ఆయన్ను ఎంచుకుంది. 1952 వేసవిలో షికాగోలో కాలేజీ మేటి ఆటగాళ్ళకూ వృత్తి ఆటగాళ్ళకూ మధ్య జరిగే ఆటలో ఆయన మోకాలు దెబ్బతింది. వృత్తి ఆటలో ఒక్క రోజు కూడా ఆడకుండానే అంతా ముగిసింది.

అప్పుడు ఆయన ఏం చేశారనుకున్నారు? బడిపంతులు అయ్యారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పాఠాలు చెప్పి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిడిల్ స్కూలుకు హెడ్మాస్టరు అయ్యారు. ఈ ఊళ్ళో ఆ స్థాయి బడికి హెడ్మాస్టరైన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1965లో వృత్తి ఫుట్‌బాల్ లీగులో రిఫరీల బృందంలో చేరారు. అక్కడా నల్లవారిలో ఆయనే మొదటివారు. ఆయన్ను తీసుకున్న లీగు కమిషనర్ పేరు పీట్ రోజెల్. ఆ రోజెల్ ఎవరో తెలుసా? 1951లో ఇదే కాలేజీలో పత్రికలవాళ్ళకు జట్టు వార్తలు అందించిన కుర్రాడు. వారమంతా బడి పని, ఆదివారం మైదానంలో విజిల్. మైదానంలో ఆ పని పాతికేళ్ళు నడిచింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 1951 సీజన్‌లో చివరి ఆట లయోలాతో, పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో. 20-2తో గెలిచారు. ఆ కాలేజీ జట్టు పెద్ద స్థాయిలో ఆడిన ఆఖరి ఆట అదే. 1980 జనవరిలో సూపర్ బౌల్, అంటే వృత్తి లీగు ఫైనల్, అదే రోజ్ బౌల్ మైదానంలో జరిగింది. చారల చొక్కా వేసుకుని ఆ మైదానంలోకి టోలర్ వచ్చారు. సూపర్ బౌల్‌లో రిఫరీల బృందంలో ఉన్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి.

పాఠశాల_గంట | శనివారం, సాయంత్రం 5:05

చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మోకాలు విరిగినవాడు బడికి రావడం మా వృత్తిలో నేను చూశాను. మా స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు రాష్ట్ర స్థాయి వాలీబాల్ ఆడుతూ భుజం పోగొట్టుకున్నాడు. పిల్లల్లో ఎవరు భయంతో ఆడటం లేదో, ఎవరు బద్ధకంతో ఆడటం లేదో ఆయనకు ఒక్క చూపులో తెలిసేది. టోలర్ గారి బడి పిల్లలకు ఆ చూపు దొరికి ఉంటుంది.

మొదటి_బెంచీ | శనివారం, సాయంత్రం 6:30

మిగిలిన ఆటగాళ్ళకు ఏం అనిపించి ఉంటుంది? నిజాయితీగా అడుగుతున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో ఆరెంజ్ బౌల్ అంటే జీవితంలో ఒక్కసారి వచ్చేది. ఆ ఇద్దరి వల్ల మాకు పోయింది అని ఒక్కరికైనా అనిపించలేదా? మా కాలేజీ క్రికెట్ జట్టులో అయితే గొడవ అయిపోయేది.

కొండగాలి | శనివారం, రాత్రి 8:20

నేనూ దీని గురించే ఎక్కువ ఆలోచించాను. ఆ ఆటగాళ్ళు ముసలితనంలో ఇచ్చిన ఇంటర్వ్యూలు అన్నింటిలో ఒకే మాట వినిపిస్తుంది: అందులో ఆలోచించుకోవడానికి ఏమీ లేదు, ఆ ఇద్దరూ లేకుండా వెళ్ళే ప్రసక్తే లేదు. బహుశా వాళ్ళు ఎలాంటి మనుషులో చూస్తే అర్థమవుతుంది. జినో మార్చెట్టి ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో కుర్రాడు, రెండో ప్రపంచ యుద్ధంలో మెషీన్‌గన్ పట్టి జర్మన్ల మీద పోరాడి వచ్చాడు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు 1944 చట్టం కింద ప్రభుత్వమే చదువు ఖర్చు ఇచ్చింది, అలా కాలేజీ జట్లన్నీ యుద్ధం చూసిన మగవాళ్ళతో నిండాయి. కోచ్ జో కుహారిచ్ వేసవిలో వాళ్ళను ఆలివ్ తోటల ఊరు కార్నింగ్ తీసుకెళ్ళి మండే ఎండలో సాధన చేయించాడు. అదే ఎండ, అదే దుమ్ము అందరిదీ. అలా కలిసి కష్టపడ్డాక, మయామీలో ఎవరో కమిటీ పెద్ద చెప్పాడని పక్కవాణ్ణి వదిలి బండెక్కడం వాళ్ళ వల్ల కాలేదు.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 9:10

ఇంకో కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది ఫుట్‌బాల్ మీద కాలేజీకి దాదాపు 70,000 డాలర్ల నష్టం వచ్చింది. బౌల్‌కు వెళ్ళి ఉంటే ఆ డబ్బుతో జట్టు ఇంకో ఏడాదైనా బతికేదేమో. జట్టు ఎత్తేశాక సెయింట్ క్లెయిర్ చివరి ఏడాది ఆడటానికి టల్సాకు వెళ్ళవలసి వచ్చింది. అంటే వాళ్ళు కాదన్నందుకు మూల్యం వాళ్ళే చెల్లించారు.

అయితే ఆ బౌల్ డబ్బు కూడా చివరికి కాపాడేది కాదని నా లెక్క. ఆ కాలంలో క్యాథలిక్ కాలేజీలు వరసగా ఫుట్‌బాల్ వదిలేశాయి. సెయింట్ మేరీస్, డ్యుకేన్ 1950 తర్వాత ఆపేశాయి. లయోలా ఇదే 1951తో, శాంటా క్లారా 1952తో, న్యూయార్క్‌లో వీళ్ళకు గట్టి పోటీ ఇచ్చిన ఫోర్డ్‌హామ్ 1954తో. 1946 నుంచి ఫార్టీ నైనర్స్ అనే వృత్తి జట్టు ఇదే కేజార్‌లో ఆడటం మొదలుపెట్టింది, టికెట్టు కొనేవాళ్ళు అటు పోయారు. టీవీ వచ్చింది. దాడికి ఒక బృందం, కాపలాకు ఒక బృందం అని రెండు బృందాలు నిలిపే పద్ధతితో జట్టుకు ఖర్చు పెరిగింది. చిన్న కాలేజీ ఇవన్నీ మోయలేదు.

గోల్కొండ_గాలిపటం | శనివారం, రాత్రి 9:45

అయితే ఆ జట్టు వాళ్ళు వృత్తి ఆటలో ఎంత దూరం వెళ్ళారో కూడా రాయాలి మాస్టారూ. మ్యాట్సన్, మార్చెట్టి ఇద్దరినీ 1972లో ఒకే ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ అనే వృత్తి ఫుట్‌బాల్ మేటివారి గౌరవ జాబితాలోకి తీసుకున్నారు. సెయింట్ క్లెయిర్‌ను 1990లో.  ఒకే కాలేజీ జట్టు నుంచి ముగ్గురు, కమిషనర్ రోజెల్‌ను కలిపితే నలుగురు. 1959లో లాస్ ఏంజెలెస్ రామ్స్ అనే వృత్తి జట్టు మ్యాట్సన్ ఒక్కరి కోసం తొమ్మిది మంది ఆటగాళ్ళను ఇచ్చేసింది. ఆ బేరం కుదిర్చింది కూడా అప్పుడు రామ్స్ మేనేజరుగా ఉన్న రోజెల్ గారే. ప్రత్యర్థులు బలహీనం కాబట్టి గెలిచారని అన్న కమిటీలకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

విశాఖ_తీరం | ఆదివారం, ఉదయం 6:50

నాకు ఇంకా ఆ ఆట నియమాలు పూర్తిగా పట్టుబడలేదు. కానీ రాత్రి మా ఆవిడకు ఈ కథంతా చెప్పాను. తను అడిగిన మొదటి మాట: ఆ కాలేజీ తర్వాత వాళ్ళను గుర్తుపెట్టుకుందా?

కొండగాలి | ఆదివారం, రాత్రి 7:30

గుర్తుపెట్టుకుంది. 2006లో ఆ జట్టులో బతికి ఉన్నవారికి కాలేజీ గౌరవ డాక్టరేట్లు ఇచ్చింది. 2017లో ఒక విద్యార్థి వసతి గృహానికి అంతకుముందున్న పేరు తీసేసి బర్ల్ టోలర్ పేరు పెట్టింది. టోలర్ 2009లో, మ్యాట్సన్ 2011లో, సెయింట్ క్లెయిర్ 2015లో, మార్చెట్టి 2019లో వెళ్ళిపోయారు.

ఈ రోజు మధ్యాహ్నం మా అబ్బాయిని తీసుకుని కొండ ఎక్కాను. ఆదివారం కాబట్టి పిల్లలు బట్టల సంచులు మోసుకుంటూ టోలర్ హాల్ తలుపు దగ్గర లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. మా వాడు తలుపు మీద అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఈయన కూడా కేజార్‌లో ఆడారా అని అడిగాడు. ఆడారని చెప్పాను. అక్కడి నుంచి దిగి నడుచుకుంటూ కేజార్‌కు వెళ్ళాం. మ్యాట్సన్ కిక్కాఫ్ ఎలా పట్టుకున్నాడో చూపించమన్నాడు. ఆ పరుగు ఇక్కడ కాదు, న్యూయార్క్‌లో అని చెప్పినా వినలేదు. మైదానం ఆ చివర నిలబడి ఈ చివరకు పరుగు తీశాడు, సముద్రపు కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. సగం దూరం వచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయి, ఇంకా ఎన్ని గజాలు ఉన్నాయి నాన్నా అని అరిచాడు.